ఎవరి తాళం వాళ్ళది

నాకు భయం ఎక్కువ. సిగ్గుపడుతూ చెబుతున్న మాట కాదిది. మా ఫ్యాక్టరీలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ నేను "జాగ్రత్త మేస్త్రీ"ని. ఎదురుపడితే నమస్కారం మానేసి "జాగ్రత్తండోయ్" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు కూడా ఉన్నారు. నవ్వుకోనీండి. ఇన్నేళ్ళు మెషీన్ల మధ్య తిరిగి, ఇంకా అన్ని వేళ్ళతో అన్నం తింటున్నానంటే అది ధైర్యం వల్ల మాత్రం కాదు.

మాది బట్టల సబ్బుపొడి తయారుచేసే ఫ్యాక్టరీ. పొడినంతా కలిపే పెద్ద మిక్సరుని మేము గంగాళం అంటాం. పడుకోబెట్టిన పీపాలా ఉంటుంది, లోపల నలుగురు మనుషులు పడుకోవచ్చు. మధ్యలో మనిషి తొడంత ఇరుసు, దానికి చుట్టూ ఇనప రెక్కలు. అది తిరుగుతున్నప్పుడు పక్కన నిలబడితే అరికాళ్ళు జివ్వుమంటాయి. ఆగి ఉన్నప్పుడు చూస్తే ఇంకా భయం, ఎందుకంటే అప్పుడే మనం అందులోకి దూరాలి.

ఎందుకు దూరాలంటే, ఇరుసు గోడ దాటి బయటకు వచ్చే చోట ఒక రబ్బరు సీలు ఉంటుంది. అది అరిగితే పొడి మెల్లగా బేరింగులోకి పోతుంది. గ్రీజులో పొడి కలిస్తే అది గ్రీజు కాదు, ఉప్పుకాగితమే. ఒకసారి అలాగే బేరింగు పట్టేసి నిండు గంగాళం ఆగిపోయింది. లోపలి పొడి తడి పీల్చుకుని రాయైపోయింది. ఉలితో కొట్టి తీశాం. లైను మొత్తం ఎన్నాళ్ళు మూతపడిందో తలుచుకుంటే ఇప్పటికీ యజమానికి నిద్రపట్టదట.

కొత్తగా వచ్చిన మేనేజరు నా మాట విన్నాడు. మంచివాడు, ఓపిక ఉన్నవాడు. "చెడిపోయాక బాగుచేయడం కాదు, బాగున్నప్పుడే ఆపి చూసుకుందాం. పూట పోతుంది, అంతే. అదే ఆగిపోతే వారాలు పోతాయి" అని యజమానిని ఒప్పించాడు. కానీ బాగా తిరుగుతున్న మెషీన్ని ఆపడమంటే యజమానికి మనసొప్పదు. అందుకే ఒక షరతు పెట్టాడు. పొద్దున ఆపితే భోజనం గంట కొట్టేసరికి గంగాళం తిరగాలి. ఒక్కసారి తప్పినా ఈ ముందస్తు ఆపడాలన్నీ రద్దు. ఆ షరతు మా అందరి మెడకీ చుట్టుకుంది.

గంగాళంలోకి దూరేది నా బావమరిది, మా ఆవిడ తమ్ముడు. సన్నగా, పొడుగ్గా, ఎక్కడా కుదురుగా నిలవని మనిషి. తూనీగ అంటారు. నాకైతే పొట్ట అడ్డం. నేను తలుపు దగ్గర కూర్చుని పనిముట్లు అందిస్తాను, ఒక్కోసారి భుజాల దాకా లోపలికి వెళ్తాను. వాడు రెక్కల మధ్య నుంచి అవతలి చివరికి జారిపోతాడు. పనిచేస్తున్నంతసేపూ పాడతాడు, గొంతు బాగుండదు.

ఆ రోజు పొద్దున టిఫిన్ డబ్బాలు అందిస్తూ మా ఆవిడ ఎప్పుడూ అనే మాటే అంది.

"వాడికి దుడుకెక్కువ, మీకు భయం ఎక్కువ. ఇద్దర్నీ కలిపి పిండితే ఒక సరైన మనిషొస్తాడు. వాణ్ణి మీ వెంట తీసుకెళ్తున్నారు, మీ వెంటే తీసుకురండి."

"అక్కా, నన్ను తీసుకురావడం కాదు, నేనే బావని చెయ్యి పట్టుకుని తీసుకొస్తా. లారీ హారన్ వినబడితే గోడెక్కుతాడు" అన్నాడు వాడు చెప్పులు వేసుకుంటూ.

"పిరికి బావా, పద" అని నా భుజం తట్టి ముందు నడిచాడు.

ఇక్కడ తాళాల సంగతి చెప్పాలి. మెషీన్లోకి మనిషి దూరే ముందు దాని స్విచ్ కిందికి దించి, ఆ పిడికి ఒక ఇనప పట్టీ వేసి, పట్టీకున్న రంధ్రాల్లో ఎవరి తాళం వాళ్ళు వేసుకుంటారు. లోపలికి వెళ్ళేవాళ్ళు ఎంతమందో అన్ని తాళాలు. తాళంచెవి ఎవరిది వాళ్ళ జేబులో. బయటకు వచ్చినవాడు తన తాళం తీసేసుకోవాలి. పట్టీ మీద తాళం వేలాడుతుందంటే లోపల మనిషి ఉన్నాడని అర్థం. మనిషి బయట తిరుగుతుంటే తాళం వేలాడకూడదు, లోపల ఉంటే తాళం ఊడకూడదు. ఈ రెండు ముక్కలూ కొత్తగా చేరినవాళ్ళ చెవిలో జోరీగలా పోరింది నేనే.

గంగాళానికి మనిషి దూరే తలుపు వెనకవైపు ఉంటుంది. స్విచ్ ముందువైపు, గోడకి. స్విచ్ దగ్గర నిలబడ్డవాళ్ళకి తలుపు కనబడదు. అందుకే తాళాన్నే నమ్ముతాం, కళ్ళని కాదు.

ఇదివరకు ఎవరి తాళం వాళ్ళే ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్ళం. నాది మా నాన్న ట్రంకుపెట్టెకి వేసిన ఇత్తడి తాళం. తూనీగ ఎక్కడో సైకిలు తాళం పట్టుకొచ్చాడు. కానీ వాడు చెవి పారేసుకోవడంలో దిట్ట. పారేసుకున్నప్పుడల్లా తాళం కోయాలి, కోసేదాకా లైను ఆగాలి. స్టోర్స్ పెద్దాయనకి ఇది చూసి ప్రాణం ఉసూరుమనేది. ఆయన ఒక మేకు కూడా వృథాగా పోనివ్వని మనిషి. ఈ మధ్యే అందరికీ ఒకే రకం కొత్త తాళాలు తెప్పించాడు. ఎర్రవి, చేతిలో ముద్దుగా ఉన్నాయి. ఒక్కో తాళానికి ఒక్కో పేరు చీటీ కట్టి, తాళంచెవితో సహా చేతిలో పెట్టాడు. పేర్లంటే మాకు పేర్లెక్కడివి, చీటీల మీద కూడా "జాగ్రత్త", "తూనీగ" అనే రాశాడు.

ఇంకొకటి, గోడ పొడుగునా నడుం ఎత్తులో వెళ్ళే ఎర్ర తాడు. ఎవరు లాగినా ప్యాకింగ్ హాల్లో, మిక్సింగ్ హాల్లో మెషీన్లన్నింటికీ, ప్లగ్గులకి కూడా కరెంటు పోతుంది. వారానికోసారి నేనే లాగి చూస్తాను. లాగినప్పుడల్లా మళ్ళీ అన్నీ ఒకటొకటిగా మొదలుపెట్టాలి కదా, ప్యాకింగ్ ఆడవాళ్ళు నన్ను నోరారా తిడతారు. "ఎవరూ లాగని తాడుని వారం వారం లాగి ఏం సాధిస్తావు?" అని సూపర్వైజరు ఒకసారి గట్టిగానే అడిగాడు. "లాగి చూడకపోతే అది తాడు కాదండీ, దండెం" అన్నాను. అప్పటినుంచి నన్ను ఏడిపించడానికి దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తున్నారు. ఈ వారం ఇంకా లాగలేదు. గంగాళం పని అయ్యాక లాగుదువులే, ఇవాళ లైన్ని కదపకు అన్నారు.

పని బాగానే మొదలైంది. స్విచ్ దించాం. పట్టీ వేశాం. నా తాళం నేను, వాడి తాళం వాడు వేసుకున్నాం. నేను పిడిని ఎప్పటిలాగే మూడుసార్లు లాగి చూశాను. "ఇంకోసారి లాగు బావా, పాపం దానికి సరిపోలేదు" అన్నాడు వాడు. లోపల ఉక్కగా ఉంటుందని చొక్కా విప్పి, దూరగానే తలపైనున్న రెక్కకి దాని చేతులు ముడేసి వేలాడదీశాడు. ప్లగ్గుకి పెట్టిన దీపం ఒకటి పక్కన పెట్టుకుని, వెల్లకిలా పడుకుని జరుగుతూ ఇరుసు కిందికి వెళ్ళిపోయాడు. కాసేపటికి పాట, సుత్తి దెబ్బలు వినిపించాయి.

పాత సీలు ఊడదీశాడు. నేను కొత్తది అందించాను. వాడు దాన్ని చేత్తో తడిమి, "బావా, దీని అంచు చిట్లింది. ఇది వేస్తే రేపే పొడి తాగుతుంది" అన్నాడు. తీసుకుని చూశాను. నిజమే, గోరు పట్టేంత చీలిక.

"నువ్వు బయటికి రా. స్టోర్స్‌కి వెళ్ళి ఇంకోటి తెస్తాను."

"మళ్ళీ వచ్చి మళ్ళీ దూరడానికి సగం పూట పడుతుంది. ఈలోపు ఇక్కడ పట్టిన పొడంతా గీకేస్తా. నువ్వెళ్ళు. నేనేం పాలు తాగే పిల్లాణ్ణా? నా తాళం ఉందిగా."

వాడు చెప్పింది సబబుగానే ఉంది. తాళం ఉంది. ఇదివరకు తలుపు దగ్గర ఇంకొక మనిషి ఉండేవాడు, ఖర్చు తగ్గించాలని అతన్ని ప్యాకింగ్‌కి మార్చారు. తలుపు దగ్గర ఎవరూ లేకుండా వెళ్ళడం నాకు మనస్కరించలేదు. కానీ గడియారం చూస్తే భోజనం గంటకి ఎంతో టైము లేదు. లేచాను. ముందువైపుకి వెళ్ళి, బయట తిరిగేవాడి తాళం వేలాడకూడదు కాబట్టి, జేబులోంచి నా తాళంచెవి తీసి తాళానికి పెట్టాను. తిరిగింది. తాళం తీసి జేబులో వేసుకున్నాను. పట్టీ మీద ఇంకొకటి మిగిలి ఉంది. పిడిని లాగి చూశాను. కదల్లేదు. అప్పుడే కదిలాను.

స్టోర్స్ ఆవరణకి అవతలి చివర ఉంటుంది. ప్యాకింగ్ హాలు దాటి, డ్రమ్ములు పేర్చిన ఆవరణ దాటి వెళ్ళాలి. దారిలో ఆపరేటరమ్మ ఎదురైంది. గంగాళాన్ని నడిపేది ఆవిడే. "అయిపోయిందా అన్నా?" అంది. ప్యాకింగ్ హోరులో నోటి మాట సరిగా వినబడదు. చేత్తో "అవుతుంది, అవుతుంది" అన్నట్టు ఊపి వెళ్ళిపోయాను. ఆవిడకి అది ఎలా అర్థమైందో నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

స్టోర్స్ పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదికి దించి నా చేతిలోని చిట్లిన సీలు చూసి, కొత్తది వెతికి, కాగితం విప్పి, వెలుతురులో చుట్టూ తిప్పి చూసి మరీ ఇచ్చాడు. అప్పుడు ఆయన బల్ల మీద ఫోను మోగింది.

"స్టోర్స్... ఆఁ చెప్పండి సూపర్వైజరుగారూ... ఏ తాళం? ఎవరిదీ?" అని నా వైపు చూసి పెద్దాయన గట్టిగా నవ్వాడు. "జాగ్రత్త మేస్త్రీదా! లోకం తలకిందులైపోయిందండీ బాబూ! ఆయన తాళం మర్చిపోవడమా?... ఆఁ ఆఁ, ఇక్కడే ఉన్నాడు. నా ఎదురుగానే నించున్నాడు, కళ్ళారా చూస్తున్నా... కట్టరెందుకండీ, బంగారంలాంటి కొత్త తాళం! మీ దగ్గరున్న చెవి పెట్టండి, వచ్చేస్తుంది. ఎవరి చెవైనా అన్నింటికీ పడుతుంది. అందుకే కదా ఏరికోరి ఆ రకం తెప్పించాను, ఒకటి పోయినా పని ఆగకుండా... మంచిది."

ఫోను పెట్టేశాడు.

నేనూ నవ్వాను. నిజంగానే నవ్వాను. "నేను మర్చిపోవడమేంటండీ పెద్దాయనా, నా తాళం నా జేబులోనే ఉంది" అని తీసి బల్ల మీద పెట్టాను.

పెద్దాయన చీటీ తిప్పి చూశాడు. "ఇది మీది కాదు కదండీ. తూనీగ అని ఉంది."

నాకు మొదట చెవులు మూసుకుపోయినట్టు అనిపించింది. చీటీ మీద ఆయన గుండ్రటి అక్షరాలే. తూనీగ. నా చెవితో తెరుచుకుంది కాబట్టి నాదే అనుకున్నాను. జీవితమంతా అలాగే అనుకున్నాను, నా చెవికి తెరుచుకునేది నా తాళమేనని. చీటీ చదవాలని కూడా తోచలేదు. నేను తీసుకొచ్చింది వాడి తాళం. స్విచ్ మీద వేలాడుతున్నది నా పేరు. నేను బయట ఉన్నానని ఇప్పుడు అందరికీ తెలుసు, చూసినవాళ్ళున్నారు, సాక్ష్యం చెప్పినవాళ్ళున్నారు. ఇక ఆ తాళం అక్కడ ఉండటానికి ఏ కారణమూ లేదు. లోపల ఉన్నవాడి పేరు స్టోర్స్ బల్ల మీద ఉంది.

"ఫోను చెయ్యండి! వాడు లోపలున్నాడు!"

పెద్దాయన నంబరు తిప్పాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తరు, సూపర్వైజరు ఈపాటికి స్విచ్ దగ్గరికి వెళ్ళిపోయి ఉంటాడు. హాల్లోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్ళకూడదు. నాదీ, తూనీగదీ కూడా బీరువాలోనే ఉన్నాయి.

"నేను చేస్తూనే ఉంటాను, మీరు పరుగెత్తండి" అన్నాడు పెద్దాయన. ఆ మాట పూర్తయ్యేసరికి నేను గుమ్మం దాటేశాను. తాళం ఎప్పుడు చేతిలోకి తీసుకున్నానో గుర్తులేదు.

నేను పరుగెత్తే మనిషిని కాదు. ఫ్యాక్టరీలో ఎవరైనా పరుగెడితే కేకలేసేది నేనే. మోకాలు ఒకటి సరిగా వంగదు. డ్రమ్ముల మధ్య దారిలో లారీ ఒకటి వెనక్కి వస్తోంది, డ్రైవరు చెయ్యి చూపించి ఆగమన్నాడు. ఆగలేదు. లారీకీ గోడకీ మధ్యనుంచి పొట్ట రాసుకుంటూ దూరిపోయాను. మామూలుగా అయితే ఆ సందు చూస్తేనే నాకు చెమటలు పట్టేవి. ఇప్పుడు నాకు ఆ భయం కనబడలేదు, దాని వెనక ఇంకా పెద్దది నిలబడి ఉంది. వాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ముఖానికి మూరెడు ఎత్తులో ఇనప రెక్క. నాకు అదే కనబడుతోంది. మా ఆవిడ పొద్దున డబ్బా అందించిన చెయ్యి కనబడుతోంది. మీ వెంటే తీసుకురండి.

ప్యాకింగ్ హాల్లోకి వచ్చి అరిచాను. "ఆపండి! గంగాళం ఆపండి!" ఆ హోరులో ఎవరికి వినబడుతుంది? ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. జాగ్రత్త మేస్త్రీ పరుగెత్తుతున్నాడని ఒకరినొకరు పొడుచుకుని నవ్వుతున్నారు. ఒకావిడ నన్ను అనుకరిస్తూ వేలు చూపించి "జాగ్రత్తండోయ్" అన్నట్టు పెదాలు కదిపింది. మిక్సింగ్ హాలు తలుపు అవతలి చివర ఉంది. అది అంత దూరమని అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు.

అప్పుడు సైరన్ మోగింది.

గంగాళం తిరిగే ముందు మోగే సైరన్. కాసేపు మోగి ఆగుతుంది, ఆగగానే ఇరుసు తిరుగుతుంది. దాని తీరు నాకు గుండె చప్పుడంత తెలుసు. ఎంత తెలుసంటే, నేను ఆ తలుపు చేరలేనని కూడా అప్పుడే తెలిసిపోయింది. నిలబడిపోయాను. నిలబడిపోయిన చోట గోడకి తడి తువ్వాలు ఒకటి ఆరేసి ఉంది.

సైరన్ ఆగింది.

రెండు చేతులతో తువ్వాలుతో సహా తాడు పట్టుకుని ఒళ్ళంతా వేసి లాగాను. ఈ వారం లాగని తాడు. పనిచేస్తుందో లేదో చూడని తాడు. లాగి కింద పడ్డాను.

చప్పుడు ఆగిపోయింది. అంతా ఆగిపోయింది. అట్టపెట్టెలు మోసుకెళ్ళే బెల్టు ఒక్కసారి నిట్టూర్చి నిలిచిపోయింది. అంతమంది మనుషులున్న హాల్లో ఒక్క మాట లేదు. ఆ నిశ్శబ్దానికి నాకు సైరన్ కంటే ఎక్కువ భయమేసింది. ఏది ముందు జరిగింది? ఇరుసు కదిలాక ఆగిందా, కదలకముందే ఆగిందా?

లేచాను. ఇప్పుడు పరుగెత్తవచ్చు, కానీ పరుగు రాలేదు. నడిచాను. చెప్పాల్సింది చెప్పేస్తాను, అక్కడికి చేరకూడదని కోరుకుంటూ నడిచాను. చేరితే చూడాలి. చూడనంతసేపు వాడు బతికే ఉంటాడు.

మిక్సింగ్ హాల్లో ఆపరేటరమ్మ స్విచ్ దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో నా తాళం. పక్కన సూపర్వైజరు "ఎవడ్రా తాడు లాగింది?" అని అరవబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

"తూనీగ లోపలున్నాడు" అన్నాను.

ఆపరేటరమ్మ నా చేతిలోని తాళం వంక చూసింది, తన చేతిలోని దాని వంక చూసింది. ఆవిడకి చెప్పక్కర్లేకపోయింది. కూలబడిపోయింది. "నేనే నొక్కాను అన్నా. నేనే నొక్కాను" అంటోంది, అదే మాట.

వెనకవైపుకి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. లోపల చీకటి. పాట లేదు, సుత్తి లేదు. వంగి లోపలికి చూడాలి. మెడ వంగలేదు.

"ఒరేయ్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఒరేయ్, పలకరా!"

"లైటెందుకు ఆర్పావ్ బావా?" లోపలినుంచి విసుగ్గా వచ్చింది. "పని సగంలో ఉంది, కరెంటుతో ఆటలేంటి? సీలు తెచ్చావా?"

నేను తలుపు అంచు పట్టుకుని ఏడ్చేశాను. చప్పుడు చేస్తూ, చిన్నపిల్లాడిలా, సూపర్వైజరు ముందు, ఎప్పుడొచ్చాడో మేనేజరు ముందు. మేనేజరు నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

"ఏంటా ఏడుపు?" అన్నాడు తూనీగ. "పిరికి బావా, కరెంటు పోతేనే ఏడుస్తారా ఎవరైనా? వస్తున్నా ఉండు." రాసుకుంటూ జరుగుతున్న చప్పుడు. ఆగింది. "బావా."

"ఊఁ."

"నా మొహం మీద ఏదో పడింది. బట్ట. నా చొక్కానే." చీకట్లో తడుముతున్న చప్పుడు. "ఇది పైనున్న రెక్కకి కట్టాను కదా? ముడి ఊడలేదు. ముడి అలాగే ఉంది బావా. మరి ఇంత కిందికి ఎలా వచ్చింది?"

ఎవరో టార్చి అందించారు. లోపలికి వేశాను. రెక్క జానెడు కిందికి దిగి ఉంది. తలుపు వైపు జరుగుతూ వచ్చిన వాడి ముఖానికి చొక్కా తగులుతోంది, దాని పక్కనున్న ఇంకో రెక్క అంచు వాడి ఛాతీకి వేలెడు ఎడంలో ఉంది. వాడు వెలుతుర్లో దాన్ని చూశాడు. నేను వాడి కళ్ళు చూశాను. ఇన్నేళ్ళలో వాడి కళ్ళల్లో భయం నేను చూడలేదు. ఎలా ఉంటుందో తెలియదు కూడా.

"కదలకు. ఊపిరి బిగబట్టకు. మెల్లగా పక్కకి జారు. నేనిక్కడే ఉన్నాను" అన్నాను. మేనేజరు స్వయంగా వెళ్ళి పెద్ద మెయిను దించి, దాని పిడి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. తూనీగ అంగుళం అంగుళం జరిగి తలుపు దాకా వచ్చాడు. చంకల్లో చేతులేసి లాగాను. ఇద్దరం నేలమీద పడ్డాం.

వాడు లేచి నవ్వబోయాడు. ఏదో వేళాకోళం ఆడబోయాడు కూడా. అప్పుడు నా గుప్పిట్లోంచి వేలాడుతున్న చీటీ చూశాడు.

"నా పేరు నీ చేతిలో ఉందేంటి బావా?"

చెప్పాను. వాడు అంతా విన్నాడు. చివరికి, చాలా మెల్లగా, "సైరన్ విన్నాను బావా. మనది కాదులే, ఏ మెషీనుదో అనుకుని గీకుతూనే ఉన్నాను. నా తాళం ఉందిగా అనుకున్నా" అన్నాడు.

ఆ రోజు భోజనం గంట కొట్టింది, గంగాళం తిరగలేదు. దాని గురించి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. స్టోర్స్ పెద్దాయన మర్నాడు ఎర్ర తాళాలన్నీ ఒక గోనెసంచిలో వేసుకుని, ఒక్కొక్కటీ లెక్క చూసుకోకుండా, బతుకులో మొదటిసారి, చెత్తలో పారబోశాడు. నా దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయి చేతులు పట్టుకున్నాడు. మంచికి పోయి చేసిన పని. ఏమని తిట్టను? మేనేజరు యజమానితో ఏం మాట్లాడాడో తెలియదు కానీ, ముందస్తు ఆపడాలు ఆగలేదు. తలుపు దగ్గర కూర్చునే మనిషి మళ్ళీ వచ్చాడు. ఆపరేటరమ్మ ఇప్పుడు బటన్ నొక్కే ముందు ప్రతిసారీ వెనకవైపుకి నడిచి వెళ్ళి, వంగి చూసి, పిలిచి వస్తుంది. నాకు కాలు నొప్పి ఉంటే నా బదులు తాడు కూడా ఆవిడే లాగుతుంది. దాని మీద తువ్వాళ్ళు ఆరేయడం మానేశారు.

మా ఆవిడకి మేము చెప్పలేదు. ఆ సాయంత్రం ఇద్దరం చెరో మూల కూర్చుంటే, "మీరిద్దరూ దేనికి పోట్లాడుకున్నారు?" అని అడిగింది. తూనీగ ఆ చొక్కా తనే ఉతుక్కుని, ఆరాక మడిచి బీరువా అడుగున పెట్టాడు. మళ్ళీ వేసుకోలేదు.

నెల తిరిగి మళ్ళీ గంగాళం ఆపే రోజు వచ్చింది. ఎవరి తాళాలు వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్నాం. నాది పాత ఇత్తడిదే. తూనీగ కొత్తది కొన్నాడు. నేను వేశాను, వాడు వేశాడు. వీటికీ పేరు చీటీలు కట్టుకున్నాం, అవి చదివాం, పైకి, ఒకరిది ఒకరం. నేను పిడి లాగి చూశాను. వాడు వెనక్కి నడిచి, తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ తిరిగి వచ్చాడు.

"బావా, నీ చెవి ఒకసారి నా తాళానికి పెట్టి తిప్పు."

పెట్టాను. దూరనే లేదు.

"గట్టిగా తిప్పు బావా."

గట్టిగా నొక్కి తిప్పాను. తిరగలేదు. వాడు తన చెవి నా తాళానికి పెట్టి చూశాడు. అదీ తిరగలేదు. ఆపరేటరమ్మ, సూపర్వైజరు వాళ్ళ వాళ్ళ చెవులు తెచ్చి రెండింటికీ పెట్టి చూశారు. ఎవరూ నవ్వలేదు. టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

అప్పుడు వాడు దూరాడు. నేను తలుపు దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. లోపలినుంచి సుత్తి చప్పుడు వచ్చింది కానీ పాట రాలేదు. పిరికి బావా అని వాడు నన్ను పిలవడం మానేశాడు. ఒక్కసారి పిలిస్తే బాగుండునని నాకు ఉంది.

"బావా, ఉన్నావా?" అన్నాడు లోపలినుంచి.

"ఉన్నాన్రా."

సుత్తి నాలుగు దెబ్బలు పడి ఆగింది.

"బావా?"

"ఇక్కడే ఉన్నాను. పని చూసుకో."